మంచులో పోతరాజు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకరూ, లిఫ్టు రిపేరూ తప్ప మరో సంగతి రాదు. అలాంటి గ్రూపులోకి మొన్న డిసెంబరు మొదటి వారంలో, పొద్దున్నే, ఇంకా కాఫీలైనా కాకముందే దెయ్యాలు వచ్చాయి.

మూడో అంతస్తు ఆవిడ కూతురు ఆస్ట్రియాలో చదువుకుంటోంది. అక్కడి వీధిలో తను తీసిన వీడియో తల్లికి పంపితే, తల్లి కంగారుపడి మా అందరికీ పంపింది. మంచు పడుతున్న సందు. అందులో మేకకొమ్ములు, జానెడు ఎర్రనాలుక, ఒళ్ళంతా గొర్రెబొచ్చు, నడుముకు ఆవుల మెడగంటలు, చేతిలో పుల్లల కట్ట పట్టుకున్న ఆకారాలు అరుస్తూ జనం మీద పడుతున్నాయి. క్రిస్మస్‌కు ముందు మంచి పిల్లలకు బహుమతులు పంచడానికి ఒక సాధువు వస్తాడట. మాట వినని పిల్లల పని పట్టడానికి ఆయన వెంట ఈ భూతం వస్తుందట. పేరు క్రాంపస్.

"పిల్ల జడుసుకుందేమో, తాయెత్తు పంపించండి" అని ఒకావిడ రాసింది. "ఎంత అనాగరికం! అంత చదువుకున్న దేశంలో!" అని రెండో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరుగారు రాశారు.

"దగ్గరికెళ్ళి చూశారా?" అని టైపు చేశాను. పంపబోయి ఆగాను. ఆ మాట నాది కాదు. పదిహేనేళ్ల కిందట నా నెత్తిన పడిన మాట. దాని అసలు యజమానురాలు ఇప్పుడొక జిల్లాలో డిగ్రీ కాలేజీకి ప్రిన్సిపాలు. వీడియో ఆమెకు పంపాను. రెండు నిమిషాల్లో ఫోను.

"ఈపారి గంటలు పెద్దగ కట్టిండ్రు," అంది, హలో కూడా లేకుండా.

"నీ గురించి రాస్తాను," అన్నాను.

"రాసుకో. పేరు మాత్రం రాయకు. నువ్వు రాస్తే సగం నిజముంటది, సగం నీ వాదన ఉంటది. గండ్ల నా పేరెందుకు?"

కాబట్టి ఇక్కడ ఆమె 'ఆమె' మాత్రమే.

మొదటిసారి చూసినప్పుడు ఆమె రాయిని నాకుతోంది. ఇందులో నా వాదన ఏమీ లేదు, అచ్చంగా నిజం. మా యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ వెనక ఏదో గోడ కడుతుంటే, అక్కడ పోసిన రాళ్ల కుప్ప ముందు గొంతుక్కూర్చుని, ఒక రాయిని చున్నీతో తుడిచి, నాలుక ఆనించి, కళ్ళు మూసి ఆలోచిస్తోంది. నేను సోషియాలజీలో పరిశోధన చేసేదాన్ని. చూసీ చూడనట్టు పోవడం మా సబ్జెక్టులోనూ లేదు, నా స్వభావంలోనూ లేదు.

"ఏమండీ, ఆకలేస్తే క్యాంటీన్ అటువైపు," అన్నాను.

ఆమె కళ్ళు తెరిచింది. "నాలికెకు అతుక్కున్నదంటే బంకమట్టి ఎక్కువున్నట్టు. నువ్వెప్పుడన్న నాకినవా?"

"ఛీ, లేదు."

"మరి ఛీ అని నీకెట్ల తెలుసు?"

నా జీవితంలో నాకు వెంటనే జవాబు దొరకని ప్రశ్నలు చాలా తక్కువ. వాటిలో మూడు వంతులు ఆమె అడిగినవే.

ఆమె జియాలజీ. హ్యాండ్‌బ్యాగులో దువ్వెన ఉన్నా లేకపోయినా రాళ్ళుండేవి. ఒక్కోదానికీ తెల్ల పెయింటుతో నంబరు. సిటీ బస్సులో ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకోమని ఎవరికైనా ఇస్తే, వాళ్ళు ఒక్కసారి ముందుకు తూలి, ఆమె ముఖం వైపు అనుమానంగా చూసేవారు. ఏ సంగతి చెప్పినా, ఎవరు చెప్పినా, ఆమె నోట మొదట వచ్చే మాట ఒకటే. "చూసినవా?" పేపర్లో వచ్చిందంటే, "పేపరాయన చూసిండా?" ఫలానా ప్రొఫెసరుగారు అన్నారంటే, "సారు చూసిండా?" దేవుడున్నాడని ఎవరైనా అంటే కూడా అదే అడిగేది. కానీ ఆ దేవుడికే ప్రతి శుక్రవారం తలస్నానం చేసి దీపం పెట్టేది. ఇదేం న్యాయమంటే, "దీపమైతే కనపడ్తున్నది గదా," అనేది.

రోజూ నాలుగింటికి తార్నాక చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కలిసేవాళ్లం. వన్ బై టూ చాయ్. నా సగం కప్పులో, ఆమె సగం సాసర్లో. సాసరును రెండు చేతులా ఎత్తి, పెద్ద చప్పుడుతో జుర్రి, "ఆఁ, ఇప్పుడు చెప్పు నీ ఆంధ్ర పాయింటు," అనేది.

అవి ఉద్యమం రోజులు. క్యాంపస్‌లో టెంట్లు, దీక్షలు, పాటలు, రోడ్డు మీదే వంటలు. గేటు దగ్గర ఇనుప ముళ్లకంచె, దాని వెనక పోలీసులు. మా వాళ్ళది గుంటూరు వైపు. నేను పుట్టిందీ, పెరిగిందీ, ట్యూషన్ ఎగ్గొట్టిందీ తార్నాకలోనే. అయినా ఆ రెండు మూడేళ్లలో నాకు హఠాత్తుగా 'సెటిలర్' అని కొత్త పేరొచ్చింది. ఆ కోపం అంతా మోసుకెళ్ళి ఆమె సాసరు ముందు దించేదాన్ని. నీళ్ళనేదాన్ని, ఉద్యోగాలనేదాన్ని, ఈ నగరాన్ని ఎవరు కట్టారనేదాన్ని. ఆమె ఒక్కోటీ విని, ఒక్కోదానికీ జవాబిచ్చి, చివరికి "బిస్కెట్ తింటవా, వాదిస్తవా? రెండూ చేస్తే మీద పడ్తున్నది," అనేది. టియర్‌గ్యాస్ పేలిన రోజున ఒకే తడిరుమాలు చెరో కొసా పట్టుకుని, దగ్గుతూ వాదించుకుంటూ హాస్టల్ దాకా పరిగెత్తాం.

ఒకరోజు గేటు దగ్గర ఆమె బ్యాగు తెరిచారు. లోపల ఏడు రాళ్ళు. ఆ రోజుల్లో, ఆ గేటు దగ్గర, బ్యాగులో ఏడు రాళ్ళు! కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్‌ను పిలిచాడు.

"ఏంటమ్మా ఇవి?"

"రాళ్ళు సార్."

"ఎవరి మీద వెయ్యడానికి?"

నోరు మూసుకోమని నేను వెనక నుంచి గిల్లుతూనే ఉన్నాను. ఆమె శాస్త్రజ్ఞురాలు, అడిగితే చెప్పాలి. "వేసేతందుకు అన్నీ పనికిరావు సార్. గీ మూడో నంబరు చూడున్రి, మెత్తగుంటది, తగిలేలోపే ఇరుగుతది. అయిదో నంబరైతే..." అని దాన్ని చేతిలో ఎగరేసి, "గిది మాత్రం తలకాయ పగలగొడ్తది," అంది.

ఆ మాటను వెనక్కి లాగడానికి నేను ఇన్‌స్పెక్టర్‌తో నలభై నిమిషాలు వాదించాను. ఆయన అలిసిపోయి, రాళ్ళన్నీ తిరిగి ఇచ్చేస్తూ, "మీరు లాయరామ్మా?" అని అడిగాడు.

"కాదు సార్," అంది ఆమె. "ఆంధ్ర ఆమె. మా దోస్తు."

అంత మనిషిని నేను ఒక్క మాటతో పోగొట్టుకున్నాను.

ఆషాఢమాసం, ఆదివారం. సికింద్రాబాద్ వైపు నుంచి వస్తుంటే బోనాల ఊరేగింపు అడ్డొచ్చి ఆటో గంటసేపు ఆగిపోయింది. చెమట, డప్పులు, తలనొప్పి. హోటల్లో అడుగుపెడుతూనే మొదలెట్టాను. "నడిరోడ్డు మీద ఒళ్ళంతా పసుపు పూసుకుని, కళ్ళురిమి, కొరడాతో జనాన్ని బాదుతున్నాడొకడు. జనం కూడా వరసకట్టి కొట్టించుకుంటున్నారు! ఇదేనా మీరు వేరే రాష్ట్రం తెచ్చుకుని కాపాడుకునే సంస్కృతి? యూరప్‌లో అయితే ఇలాంటి మోటు వేషాలు ఎప్పుడో మ్యూజియంలో అద్దాల వెనక పెట్టేశారు."

ఆమె సాసరు పెదవుల దగ్గర ఆగింది. "దగ్గరికి పోయి చూసినవా?"

"ఆటోలోంచి చూశాను. చాలదా?"

సాసరు బల్ల మీద పెట్టింది. అందులో చాయ్ అలాగే ఉంది. "మా నాయన పోతరాజు," అంది. బ్యాగు భుజానికేసుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళ నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరని తెలుసు. బౌద్ధనగర్‌లో ఇల్లని తెలుసు. అమ్మవార్లకు తమ్ముడైన పోతరాజు వేషం వాళ్ళింట్లో తాతల నుంచి వస్తోందని, ఏడాదికి ఒక్కరోజు ఆయన ఫిట్టరూ కాడు, నాన్నా కాడని నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదు. నీళ్ల వాటాల గురించి అడిగాను గానీ, మీ నాన్న ఆదివారాలు ఏం చేస్తాడని అడగలేదు.

వాదించడం వచ్చినవాళ్ళకు క్షమాపణ చెప్పడం రాదు. నోరు తెరిస్తే 'నిజమే, కానీ' అని వస్తుంది. రెండుసార్లు హాస్టల్ గది తలుపు కొట్టాను. "చదువుకుంటున్న," అని లోపల్నుంచి జవాబు. దసరా తర్వాత చూస్తే గదికి తాళం. ఆస్ట్రియాలో కొండరాళ్ల మీద పని చేయడానికి ఫెలోషిప్ వచ్చి వెళ్ళిందట. నాకు ఆ సంగతి నోటీసు బోర్డు చెప్పింది.

ఆ చలికాలమంతా నాలుగింటికి తార్నాక వెళ్ళి కూర్చున్నాను. "మేడమ్, వన్ బై టూనా?" అని అలవాటుగా అడిగేవాడు హోటలతను. ఒక్కదానికి వన్ బై టూ ఎలా ఇస్తాడు? ఫుల్ చాయ్ చెప్పి సగం వదిలేసేదాన్ని. ఉద్యమం మీద నా పాయింట్లన్నీ లోపలే ఉండిపోయి, పులిసిపోయాయి. అవతల నిలబడి 'చూసినవా' అనేవాళ్ళు లేకపోతే పాయింటు ఉండి ఏం లాభం? ఆమె మళ్ళీ నాతో మాట్లాడుతుందా, లేదా? నాకు ఆ ఏడాది రాష్ట్రం రెండవుతుందా లేదా అన్నదానికంటే ఇదే పెద్ద ప్రశ్న. ఈ మాట అప్పుడు ఎవరితోనైనా అనుంటే అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసి కొట్టేవారు.

మార్చిలో ఒకరోజు నా బల్ల మీద దబ్బున ఒక బ్యాగు పడింది. చప్పుడును బట్టే తెలిసింది, లోపల రాళ్ళు.

ఆమె కూర్చోలేదు. ఒక ఫోటో నా ముందు పెట్టి, దాని పై సగాన్ని అరచేత్తో కప్పింది. "గిది జూడు. ఏమంటవ్?"

గొర్రెచర్మాలు, నడుముకు గంటలు, చేతిలో పుల్లల కట్ట, ఎవరి కాళ్ళ మీదో దెబ్బ పడబోతోంది. ఈసారి ఆచితూచి మాట్లాడాను. "ఏ ఊరి జాతర?"

"ముందు చెప్పు. మోటుగున్నదా, లేదా?"

"...కొంచెం భయంకరంగానే ఉంది."

చెయ్యి తీసింది. వెనక మంచు కప్పిన చర్చి. దాని ముందు ఉన్ని టోపీలు పెట్టుకున్న తెల్లవాళ్ళు నవ్వుతూ నిలబడ్డారు.

"యూరప్," అంది. "అద్దాలేవి? నేనైతే మొత్తం ఎతికిన."

నేను ఓడిపోయాను. ఓడిపోవడం అంత హాయిగా ఉంటుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. "కూర్చోవే తల్లీ," అన్నాను. కూర్చుంది. హోటలతను అడక్కుండానే వన్ బై టూ తెచ్చిపెట్టాడు. సాసరులో పోసుకుని, జుర్రి, చెప్పడం మొదలుపెట్టింది.

"డిసెంబర్ల ఆడ సాయంత్రం నాలుగున్నరకే చీకటైతది. పొద్దుగాల అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది, ఈడ గల్లీల్లకు పొగ గోలీలు కొట్టిండ్రని. నాకు ఆడ మనసున పడ్తలేదు. ఇంటి ఓనరు ముసలామె అన్నది, ఇయ్యాల బయటికి పోకు, క్రాంపస్ వస్తడని. ఎవడు గాడు అనుకున్న. మా ల్యాబుల ఢిల్లీ వాళ్ళిద్దరు చూస్తమని తీస్కపోయిండ్రు. నిలబడ్డమా, మూలమలుపు కాడ సప్పుడైంది. గంటలు. నాకు ఒళ్ళు జల్లుమన్నది."

"భయమేసిందా?"

"భయం గాదే. చిన్నప్పుడు బోనాలనాడు మెట్ల మీద మా నాయన గజ్జెల సప్పుడు గట్లనే ఇనొస్తుండె. గా సప్పుడే! గాళ్ళొచ్చిండ్రు, ఉరికిండ్రు, అరిసిండ్రు. జనమంత పరార్. ఢిల్లీ వాళ్ళు బ్రెడ్డు దుకాణంల జొరబడి షట్టర్ గుంజిండ్రు. నేను ముంగటికి పోయిన."

"ముంగటికా?"

"పోకుంటెట్ల? పోతరాజు ఎదురొస్తే పక్కకు పోతరా? గ్లౌజ్ తీసిన. మూడు స్వెటర్ల చేతులు పైకి గుంజిన. గిట్ల పట్టిన." సాసరు పెట్టేసి, కుడి మణికట్టు ముందుకు చాచి, తల వంచి చూపించింది. "కొట్టు అని."

పక్క బల్ల వాళ్ళు కూడా చాయ్ తాగడం మానేశారు.

"మరి గాడు ఆగిండు. గాళ్ళ ఆటే అది గదా, గాడు ఉరికిస్తే మనం ఉరకాలె. చెయ్యి పట్టినోళ్ళు గా ఊర్ల ఇప్పటిదాంక లేరంట. 'గుర్ర్' అన్నడు. నేను తలకాయ ఇంక కిందికి వంచిన. మల్ల 'గుర్ర్' అన్నడు. నేను కదుల్తలేను. పాపం, పరేషానై తలకాయ ఊడదీసిండు. చూస్తే ఎవరు? రోజూ పొద్దుగాల నాకు బ్రెడ్డమ్మేటోడు! ముఖమంత ఎర్రగై, చెమటలు కారుతున్నయ్. ఒంట్ల బాగున్నదా మేడమ్ అని అడుగుతున్నడు."

"నువ్వేమన్నావు?"

"నాకు గాళ్ళ భాష నలభై మాటలొస్తయ్. పోతరాజు కొట్టకుండ పోతే ఇంటికి మంచిది గాదని ఎట్ల చెప్పాలె? దయచేసి అనే మాటొక్కటి వచ్చు. బిట్టె, బిట్టె అన్న. చెయ్యి ఇంక ముంగటికి వెట్టిన. గాయన అటు చూసిండు, ఇటు చూసిండు. మాస్కు మల్ల పెట్టుకున్నడు. పుల్లలతోని పూలు తాకిచ్చినట్టు తాకిచ్చిండు. 'గిదేం దెబ్బ!' అని మన భాషల తిట్టిన. నవ్విండో ఏమో, గంటలన్నీ గలగలమన్నయ్. పొయ్యేముందు గా కట్టల నుంచి ఒక పుల్ల తీసి నా చేతుల పెట్టిండు."

బ్యాగులో రాళ్ల కింద నుంచి ఆ పుల్ల తీసి చూపించింది. సన్నగా, ఎర్రగా, ఎండిపోయి ఉంది. దానికి కూడా తెల్ల పెయింటుతో నంబరు వేసింది.

"మీ నాన్నకు చెప్పావా?"

"చెప్పిన. నాయన ఒక్కటే అడిగిండు. గంటలు ఎన్ని కిలోలుంటయ్, నడుముకు తోలుపట్ట కట్టుకున్నడా, లేకుంటే నడుం పట్టేస్తదని. గాయనకు మన పసుపు పంపు, దెబ్బలు మానుతయ్ అన్నడు." పుల్లను తిరిగి రాళ్ల కింద సర్దింది. తర్వాత, నా వైపు చూడకుండా అంది. "నాయన నన్ను జన్మల ఎప్పుడూ కొట్టలే. ఏడాదికొక్కపారి గా చెయ్యి మీది దెబ్బే. గది పడ్డదంటే ఏడాదంత నాకేం గాదని ధైర్యముంటుండె. మొన్నటిసారి, తర్వాతి ఆదివారం మా గల్లీ బోనాలకు నేను పోలే. నీ మాట ఇన్నంక పోబుద్ధి గాలే."

"నేను... నిజమే, కానీ..." అన్నాను.

"ఆగు. నోటితోని సారీ వద్దు. నీ నోటి మీద నాకు నమ్మకం లేదు. ఆషాఢంల ఇంటికి రా. వచ్చి చూడు."

వెళ్ళాను. ఆ ఆదివారం బౌద్ధనగర్ సందులో డప్పులు గుండెల్లో మోగుతున్నాయి. వేపమండలు, సాంబ్రాణి పొగ, తలల మీద బోనాలు. ఆమె నా భుజం పట్టుకుని జనంలోంచి ముందుకు తోసింది. మెట్ల మీద గజ్జెల చప్పుడు వినిపించింది. ఆయన వచ్చాడు. పసుపు పూసిన ఒళ్ళు, నుదుటి నిండా కుంకుమ, నడుముకు వేపాకు, పళ్ల మధ్య నిమ్మకాయ, భుజం మీద చెయ్యిలావున పేనిన కొరడా. ఆ కొరడా పిడికి ఎర్రదారంతో ఒక పుల్ల కట్టి ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు.

సందులో తల్లులు చంకల్లోంచి పిల్లల్ని దించి చేతులు చాపిస్తున్నారు. కొందరు పిల్లలు ఏడుస్తున్నారు. దెబ్బ పడగానే ఏడుపు మానేసి, అయిపోయిందా అన్నట్టు చెయ్యి చూసుకుంటున్నారు. ఆటోలోంచి ఇదేదీ కనపడలేదు నాకు.

"నమస్తే బాబాయిగారూ," అన్నాను కంగారులో.

"ఓ తల్లీ, ఇయ్యాల బాబాయి లేడు, ఎవ్వరు లేరు," అంది ఆమె చెవిలో. "చెయ్యి పట్టు."

పట్టాను. ఆయన కళ్ళు నామీద నిలిచాయి. కొరడా గాలిలో లేచిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత మణికట్టు మీద చురుక్కుమంది. అంతే. గజ్జెలు నన్ను దాటి ముందుకు వెళ్ళాయి. మణికట్టు చుట్టూ వెచ్చగా ఒక గీత. ఏడాదిగా లోపల బిగించి పట్టుకున్నదేదో ఆ గీత దగ్గర వదులైంది.

"అయిపోయిందే," అన్నాను, నవ్వో ఏడుపో తెలీకుండా. "ఇక మనం మనమేనా?"

ఆమె నా ముఖంలోకి ముఖం పెట్టింది. "చూసినవా?"

నేను అబద్ధాలు బాగానే ఆడగలను. ఆమెతో మాత్రం చేతకాదు. "లేదు. భయమేసి కళ్ళు మూసుకున్నాను."

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, డప్పుల మీదుగా గొంతెత్తి అరిచింది. "నాయనా! ఓ పోతరాజా! జర ఎన్కకు రావే! ఈమె చూడలేదంట!"

గజ్జెలు ఆగాయి. వెనక్కి తిరిగాయి. నేను చెయ్యి చాచి, ఈసారి కళ్ళు రెండూ బాగా తెరిచి నిలబడ్డాను.